ఉండిపోవాలా, పాపను తీసుకుని వచ్చేయాలా?

ఈ వారం ఉత్తరం బ్రెజిల్ నుంచి వచ్చింది. రాసినవారు తన పేరూ ఊరి పేరూ బయటపెట్టవద్దన్నారు కనుక, అది బహియా రాష్ట్రపు దక్షిణ తీరంలో, ఒకపక్క కొబ్బరిచెట్లు, మరోపక్క మడ అడవి ఉన్న చిన్న ఊరని మాత్రం చెబుతాను. ఆమెకు 35 ఏళ్లు. ఒంగోలు దగ్గరి పల్లెలో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం మీద డబ్లిన్ వెళ్ళి, అక్కడ పరిచయమైన బ్రెజిల్ యువకుణ్ణి పెళ్ళి చేసుకున్నారు. నాలుగేళ్ల క్రితం, ఆమె గర్భవతిగా ఉన్నప్పుడు, ఇద్దరూ అతని సొంత ఊరికి చేరారు. అక్కడ అతని తల్లి ఒక పోజాద నడుపుతున్నారు. యాత్రికులకు గదులు అద్దెకిచ్చి, పొద్దున్నే ఫలహారం పెట్టే ఇంటిలాంటి వసతిని అక్కడివారు అలా పిలుస్తారు. ఈమె డబ్లిన్‌లో కూడబెట్టిన 40 వేల యూరోలతో పెరట్లో మరో మూడు గదులు లేచాయి, పాత ఇంటికి కొత్త కప్పు పడింది. పాప అక్కడే పుట్టింది, ఇప్పుడు మూడేళ్లది. ఈమె మాత్రం ఇప్పటికీ డబ్లిన్ సంస్థకే ఒక గదిలో కూర్చుని పనిచేస్తున్నారు.

భర్త మంచివాడనీ అత్తగారు మాట తూలని మనిషనీ ఆమె రెండుసార్లు రాశారు. కష్టం మరోచోట ఉంది. డాక్టరు దగ్గరా, బ్యాంకులోనూ, చివరికి జుట్టు కత్తిరించే చోట కూడా ఆమె తరఫున భర్తే మాట్లాడతారు. నలుగురు కలిసి గబగబా మాట్లాడుకుంటుంటే అర్థమవుతుంది గానీ జవాబు నోటి దాకా వచ్చేసరికి మాట మారిపోతుంది. ఆ ఊళ్ళో ఎవరూ తలుపు తట్టరట, గేటు బయట నిలబడి చప్పట్లు కొట్టి పేరు పెట్టి పిలుస్తారట. ఈ నాలుగేళ్లలో తన పేరు కోసం ఒక్కరూ చప్పట్లు కొట్టలేదని రాశారు. మీది ఏ ప్రాంతమని అడిగిన ఒక పశువుల ఆసామికి ఒంగోలు, నెల్లూరు అని చెబితే, అతను "నెలోరి!" అని పెద్దగా నవ్వి ఎద్దు కొమ్ములు చూపించినట్టు చేతులు పెట్టాడట. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చారట.

పోయిన ఏడాది ఆమె తండ్రి పోయారు. బస్సు, మూడు విమానాలు, మళ్ళీ కారు పట్టుకుని ఆమె చేరేసరికి నాలుగో రోజు. అమ్మ ఇప్పుడు పల్లెలో ఒంటరిగా ఉన్నారు, మోకాళ్లు పట్టేశాయి. "నీది ఎక్కడినుంచైనా చేసుకునే ఉద్యోగం, నువ్వే వచ్చి చూసుకో" అని డల్లాస్‌లో ఉన్న అన్నయ్య అంటున్నారు. పాపను తీసుకుని ఒక ఏడాది వెళ్తానని ఈమె అడిగితే, రెండు నెలలకైతే పాప ప్రయాణానికి సంతకం పెడతాను గానీ ఏడాదికి పెట్టనని భర్త అన్నారు. అప్పటినుంచి ఇద్దరి మధ్య మాటలు సరుకుల జాబితా దాటడం లేదు. "నేను ఇక్కడ ఉండిపోవాలా, పాపను తీసుకుని వచ్చేయాలా? ఒక్క మాటలో చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

ఒక్క మాటలో చెప్పలేను, క్షమించండి. మీరు ఒక ప్రశ్నగా అడిగింది నాలుగు వేరువేరు విషయాలు. మీకు అక్కడ సొంత మాట లేకపోవడం ఒకటి, అమ్మ సంగతి ఒకటి, కాగితం లేని మీ డబ్బు మరొకటి, పాప నాలుగోది. నాన్నగారి మరణం తర్వాతి దుఃఖంలో ఈ నాలుగూ కలిసి ముడిపడి "బ్రెజిలా, ఇండియానా" అనే ఒకే ప్రశ్నగా మీకు కనిపిస్తున్నాయి. వీటిలో కొన్ని మూడు నెలల్లో చక్కబడేవి, కొన్నిటికి ఏళ్లు పడుతుంది. ఒక్కటి మాత్రం తొందరపడితే మళ్ళీ వెనక్కి తీసుకోలేనిది. అన్నిటికంటే ముందు మీ మనసు పరుగెత్తుతున్నది దానివైపే. అందుకని దానితోనే మొదలుపెడతాను.

పాప ప్రయాణానికి సంతకం అడగడం మీ భర్త పెట్టిన నిబంధన కాదు. బ్రెజిల్‌లో మైనరు బిడ్డ తల్లిదండ్రుల్లో ఒకరితోనే దేశం దాటాలంటే రెండోవారి రాతపూర్వకమైన అనుమతి కావాలి, ఆ సంతకాన్ని కార్తోరియోలో, అంటే మన నోటరీ, రిజిస్ట్రారు కార్యాలయాల పనులు చూసే చోట, ధ్రువీకరించాలి. అనుమతి పత్రంలో గడువు రాయకపోతే రెండేళ్లు చెల్లుతుంది. అందులో ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఆ పత్రం బిడ్డ విదేశంలో స్థిరపడటానికి అనుమతి కాదు. ఇక అసలు సంగతి. ఒక దేశం నుంచి తల్లిగానీ తండ్రిగానీ తీసుకెళ్లి తిరిగి పంపని పిల్లలను వెనక్కి రప్పించడానికి 1980లో హేగ్‌లో కుదిరిన ఒడంబడిక ఉంది. బ్రెజిల్ అందులో ఉంది, భారతదేశం లేదు. మీరు పాపతో ఒంగోలు చేరి, ఏడాది పూర్తయ్యాక రానంటే, మీ భర్త మన కోర్టుల్లో కొత్తగా కేసు వేసుకోవాల్సిందే తప్ప ఆయనకు సులువైన దారి లేదు. ఈ సంగతి ఆయనకు తెలిసి ఉంటుందని నా అనుమానం. రెండు నెలలకు సరే అని ఏడాదికి కాదన్న మనిషి మీ అమ్మగారిని పట్టించుకోవడం లేదని మీరు అనుకున్నారు. ఆయన తన కూతుర్ని పోగొట్టుకుంటానేమోనని భయపడుతున్నారని నేను అనుకుంటున్నాను. రెండింటికీ బయటికి వచ్చే మాట ఒకటే కావచ్చు, కానీ మీరు దేనికి జవాబిస్తున్నారన్నదాన్ని బట్టి తర్వాతి సంభాషణ మారిపోతుంది.

ఆయన ఒప్పుకోకపోతే న్యాయమూర్తిని ఆశ్రయించి అనుమతి తెచ్చుకునే వీలు చట్టంలో ఉంది. ఆ హక్కు మీకు లేదని నేననను. అయితే భర్త తరఫున మాట్లాడటానికి ఊరంతా ఉండి, మీ తరఫున మాట్లాడటానికి కూడా ఇంతకాలం భర్తే ఉన్న చోట, ఆ మార్గం ఎంత ఖరీదైనదో ఊహించుకోండి. అలాగే, రెండు నెలల అనుమతి మీద వెళ్లి అక్కడే ఉండిపోవాలన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే దాన్ని పూర్తిగా పక్కన పెట్టమని గట్టిగా చెబుతాను. ఎన్ని చెప్పినా ఆజ్ఞాపించను అనే నియమం పెట్టుకున్నవాణ్ణి, ఈ ఒక్కచోట ఆ నియమాన్ని సడలిస్తున్నాను. దాని ఫలితం పాప తన తండ్రి ఊరికి ఎప్పటికీ నిశ్చింతగా తిరిగి వెళ్లలేకపోవడం, మీరు కూడా బ్రెజిల్‌లో అడుగుపెట్టడానికి భయపడాల్సి రావడం.

ఇప్పుడు ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన చోటికి వస్తాను. మీ పని వేళలు రాశారు గానీ వాటిని మీ ఒంటరితనంతో కలిపి చూడలేదు. డబ్లిన్‌లో ఉదయం తొమ్మిది గంటలయితే మీ దగ్గర, వాళ్ల చలికాలంలో ఆరు, వాళ్ల వేసవిలో ఐదు. అంటే తెల్లవారకముందే తలుపు వేసుకుని, మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో బయటికి వస్తున్నారు. తీరంలోని చిన్న ఊరు ఎప్పుడు మేలుకుని ఉంటుంది? పడవలు ఒడ్డుకు వచ్చి చేపలు తూకానికి పెట్టేటప్పుడు, రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడి నిన్నటి కబుర్లు చెప్పుకునేటప్పుడు, పిల్లల్ని బడి గేటు దగ్గర దింపి తల్లులు ఐదు నిమిషాలు ఆగిపోయేటప్పుడు. ఆ సమయమంతా మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంగ్లీషులో ఉంటున్నారు. మీరు బయటికి వచ్చేసరికి ఎండ నెత్తిమీద ఉండి ఊరు తలుపులు వేసుకుంటుంది. నాలుగేళ్లుగా మీరు ఆ ఊళ్ళో ఉన్నారన్నది నిజమే గానీ, ఆ ఊరి ఉదయాల్లో మాత్రం ఒక్కరోజూ లేరు. పేరు పెట్టి పిలవడానికి వాళ్లకు మీరు ఎప్పుడు దొరికారు?

దీనికి ఉద్యోగం మానేయమనడం లేదు, ఆ ఇంట్లో మీ సొంత సంపాదనంటూ ఉన్నది అదొక్కటే. వారంలో రెండు రోజులు డబ్లిన్ గడియారం ప్రకారం మధ్యాహ్నం పన్నెండింటికి మొదలుపెట్టి రాత్రి ఎనిమిదింటికి ముగిస్తానని సంస్థను అడిగి చూడండి. మీ గడియారంలో ఆ మొదలు ఉదయం ఎనిమిదో తొమ్మిదో అవుతుంది, రెండు ఉదయాలు మీ చేతికి వస్తాయి. పాపకు నాలుగేళ్లు నిండితే అక్కడ బడి తప్పనిసరి, విద్యాసంవత్సరం ఫిబ్రవరి ప్రాంతంలో మొదలవుతుంది. ఆ రెండు రోజులైనా పాపను దింపే పని భర్తదో అత్తగారిదో కాక మీదే కావాలి. ఊరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మీ పేరు మీరే నమోదు చేయించుకోండి. సుస్ అని పిలిచే అక్కడి ప్రభుత్వ వైద్యం విదేశీయులకు కూడా ఉచితం. దాని తరఫున ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు ఉంటారు. వాళ్లు గేటు దగ్గర చప్పట్లు కొట్టేది కార్డులో ఉన్న పేరు కోసమే.

భాష గురించి ఫోన్‌లోని పాఠాలు చాలవని మీకే అర్థమై ఉంటుంది. ఊళ్ళో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు ఎవరైనా ఉంటే, డబ్బిచ్చి, రోజుకు గంట చొప్పున, ఇంట్లో కాకుండా ఆమె వరండాలో కూర్చుని నేర్చుకోండి. వరండా అన్నాను కదా, ఆ మాట వాళ్లదీ మనదీ కూడా. పోర్చుగీసువాళ్లు మన తీరాలకు వచ్చినప్పుడు వదిలివెళ్లిన మాటలు మీ నోట్లో పుట్టినప్పటినుంచీ ఉన్నాయి. మీరు రోజూ మడతపెట్టే తువ్వాలు వాళ్ల తొయాల్య, చొక్కా బొత్తాం వాళ్ల బొటావుం, సబ్బు వాళ్ల సబావుం. మీ పెరటి గదులు కట్టించిన పనిపెద్దను మీ ఆయన ఏమని పిలిచేవారో గుర్తుందా? మెస్త్రి. ఒంగోలులో మీ నాన్నగారు ఇల్లు కట్టించినప్పుడు కూడా అదే మాట వాడి ఉంటారు. వానాకాలంలో అతిథుల తువ్వాళ్లు మూడు రోజులైనా ఆరక, గదంతా ముక్కవాసన వేసి, వాటి మధ్య కూర్చుని ఏడ్చానని రాశారు. ఆ వాసన పోదు గానీ, తర్వాతిసారి ఆ మాటైనా మీదే అనిపించవచ్చు.

ఆ పశువుల ఆసామి సంగతి కూడా చెప్పాలి. అతను మిమ్మల్ని ఎగతాళి చేయలేదు. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో అత్యధిక భాగం నెలోరి జాతివో దాని సంకరాలో, ఆ నెలోరి మన ఒంగోలు జాతే. పందొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు పడింది. 1868లో ఒక ఓడ మీరు ఇప్పుడుంటున్న బహియా రాష్ట్ర రాజధాని సాల్వదోర్ రేవులో ఆగినప్పుడు ఒక జత అక్కడ దిగిందని వాళ్ల చరిత్రలో రాసుకుంటారు. 1960లలో తీసుకెళ్లిన ఒక ఆబోతుకు ఒంగోలు పక్కనున్న కరవది గ్రామం పేరే ఉంది, దాని సంతతిని పశుపోషకులు ఈనాటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ మనిషికి తెలిసిన ఇండియా మొత్తంలో ఒకే ఒక్క ఊరు మీది కావడం అతనికి ఎంత సంబరమై ఉంటుందో. అయితే ఆ పశువు అక్కడ దుక్కికి కాక పళ్లెంలోకి వెళ్తుందన్నది మీకు మింగుడుపడని సంగతి కావచ్చు, దాన్ని నేను తేలిక చేయను. కానీ మీరు అవమానంగా తీసుకున్నది అతని వైపునుంచి పలకరింపు. ఇలా భాష తెలియక అపార్థమైనవి ఇంకెన్ని ఉన్నాయో ఒకసారి నెమరువేసుకోండి. అన్నీ అపార్థాలే అనను, కొన్ని నిజంగానే చులకనలై ఉంటాయి. రెండూ వేరుచేయడానికైనా భాష కావాలి.

డబ్బు విషయం మీరు ఒకే వాక్యంలో దాటేశారు. నాకు మాత్రం రెండుసార్లు చదవాల్సి వచ్చింది. స్థలం అత్తగారి స్వాధీనంలో ఉంది, రిజిస్టరైన దస్తావేజు లేదు, సముద్రానికి దగ్గర, అందులో మీ 40 వేల యూరోలు. బ్రెజిల్‌లో ఆస్తుల రిజిస్ట్రీలో నమోదైనవారే యజమాని, చేతిలో ఉన్న పాత ఒప్పంద కాగితం యాజమాన్యం కాదు. ఇంకో చిక్కు ఏమిటంటే, 1831 నాటి సగటు పోటు గీత నుంచి లోపలికి 33 మీటర్ల దాకా ఉన్న తీరభూమి కేంద్ర ప్రభుత్వానిది. అందులో ఉన్నవారికి అనుభవ హక్కు ఉంటుంది, దానికి ఏటా రుసుము కట్టాలి, చేతులు మారినప్పుడు మరో రుసుము. మీ పోజాద ఆ గీతకు ఇటుందో అటుందో ముందు తెలుసుకోవాలి. ఇంకొకరి స్థలంలో కట్టిన కట్టడం స్థలం యజమానికే చెందుతుంది, నమ్మకంతో కట్టినవారికి పరిహారం అడిగే హక్కు మాత్రం ఉంటుంది. రేపు అత్తగారి తర్వాత ఆ ఆస్తి ఆమె పిల్లలందరికీ వెళ్తుంది. మీ భర్తకు ఇద్దరు తోబుట్టువులున్నారని రాశారు కదా, వాళ్లకు మీ యూరోలు కనపడవు, తల్లి ఇల్లే కనపడుతుంది.

ఇది అపనమ్మకం కాదని భర్తకు చెప్పడం మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. డబ్లిన్ నుంచి పంపిన ప్రతి బ్యాంకు బదిలీ పత్రాన్నీ ముందు ఒకచోట చేర్చండి. తర్వాత ఆ ఊరి వకీలు దగ్గరకు కాకుండా, కాస్త దూరంలోని పట్టణంలో మీ కుటుంబంతో పరిచయం లేని వకీలు దగ్గరకు వెళ్లండి. మీ పెట్టుబడిని అత్తగారు అప్పుగా అంగీకరిస్తూ పత్రం రాయడం ఒక దారి. పోజాదను సంస్థగా మార్చి అందులో మీకు వాటా పెట్టడం మరొకటి, దీనికి ఖర్చూ పన్ను లెక్కలూ ఎక్కువ. మీ ఇద్దరి మధ్య ఆస్తి లెక్కలు ఏ దేశపు నియమం ప్రకారం తేలాలన్నది పెళ్లయిన కొత్తలో మీరు కాపురం ఎక్కడ పెట్టారన్నదాని మీద ఆధారపడుతుంది, అది ఐర్లండే కనుక ఈ ప్రశ్న తప్పకుండా వేయండి. డబ్లిన్ జీతానికి బ్రెజిల్‌లో నెలనెలా కట్టాల్సిన ఆదాయపు పన్ను కడుతున్నారో లేదో కూడా అదే రోజు తేల్చుకోండి. మీరు ఉండిపోయినా, వెళ్లిపోయినా ఈ పని చేయాల్సిందే. కాగితం లేకుండా ఉండిపోతే దయాధర్మం మీద ఉన్నట్టుంటుంది, కాగితం లేకుండా వెళ్లిపోతే చేతులు ఊపుకుంటూ వెళ్లినట్టుంటుంది.

అమ్మగారి విషయం. నాలుగు పేజీల మీ ఉత్తరంలో అన్నయ్య మాటలు ఆరుచోట్ల యథాతథంగా ఉన్నాయి. అమ్మ మాట ఒక్కటి కూడా లేదు. ఆమెకు ఏం కావాలో మీరు అడిగారా? తోడు మనిషి కావాలా, మోకాలి ఆపరేషన్‌కు ఎవరైనా పక్కన ఉండాలా, మనవరాలిని చూడాలని ఉందా, లేక ఊళ్ళో చెల్లెలికి దగ్గరగా ఇల్లు మారితే చాలా? ఒక్కోదానికి ఒక్కో సమాధానం ఉంది, ఏదీ ఏడాది పాటు కాపురం ఎత్తేయడం కాకపోవచ్చు. ఇక అన్నయ్య వాదనలో, మర్యాదగా చెప్పాలంటే, ఒక పక్షపాతం ఉంది. డల్లాస్ ఉద్యోగం ఉద్యోగమట, బహియాలో గదిలో కూర్చుని చేసేది ఎక్కడికైనా మోసుకుపోగలిగే సంచీ అట. పల్లె నుంచి డబ్లిన్ వేళల్లో పనిచేస్తూ, మూడేళ్ల పాపనూ నడవలేని తల్లినీ ఒంటిచేత్తో చూసుకోవడం ఎలా ఉంటుందో ఆయన ఒక వారం చేసి చూస్తే బాగుండును. ఆయన రాలేకపోతే ఇంట్లో రోజంతా ఉండే సహాయకురాలి జీతం, ఆపరేషన్ ఖర్చు ఆయన భరించాలి, మీ వంతు సమయం మీరిస్తారు. ఈ లెక్క ఫోన్‌లో కాకుండా, రాసి పంపండి.

మీరు వెళ్లే విషయంలో మూడు మార్గాలు నాకు కనపడుతున్నాయి. భర్త ఒప్పుకున్న రెండు నెలలకు ఇప్పుడే వెళ్లడం మొదటిది. అది చాలదని మీరు కోపంతో తోసిపుచ్చారు, కానీ మోకాలి ఆపరేషన్ చేయించి, తోడు మనిషిని కుదిర్చి రావడానికి రెండు నెలలు చాలా ఎక్కువే. మీరు చెప్పిన తేదీకి తిరిగి రావడం ఆయన భయాన్ని తగ్గిస్తుంది, తర్వాతి సంవత్సరం నాలుగు నెలలు అడగడం సులువవుతుంది. రెండోది ముగ్గురూ కలిసి వెళ్లడం. డిసెంబరు నుంచి కార్నివాల్ దాకా పోజాద కిటకిటలాడుతుంది గానీ, తర్వాతి వానల నెలల్లో సగం గదులు ఖాళీగా ఉంటాయని మీరే రాశారు. జూన్‌లో సెయింట్ జాన్ పండుగకు ప్రతి ఇంటి ముందూ మంటలు వేసి మొక్కజొన్న కాల్చుకుంటారు, మన భోగి గుర్తొస్తుంది. ఆ రద్దీ అయ్యాక ఆగస్టులో భర్త ఆరు వారాలు రాగలరేమో అడగండి. నాన్నగారు పోయినప్పుడు ఆయన రాలేకపోయారు, అత్తింటి గడప ఇంకా చూడలేదు. మీ తల్లి మోకాళ్లు కళ్లారా చూసిన మనిషితో వాదన వేరేగా ఉంటుంది.

మూడోది అమ్మగారినే తీసుకురావడం. మీ పాప బ్రెజిల్ పౌరురాలు కాబట్టి, అమ్మమ్మగా ఆమె కుటుంబ పునరేకీకరణ కింద నివాసం అడిగే దారి అక్కడి వలస చట్టంలో ఉంది. కానీ కాగితం మీద సాధ్యమైనది మోకాళ్లకు సాధ్యమా అన్నది వేరు. ముప్పై గంటలు దాటిన ప్రయాణం, తెలుగు మాట్లాడే మనిషి మీరు తప్ప ఎవరూ లేని ఊరు, మీరేమో మధ్యాహ్నం దాకా తలుపు వెనక. మీకు నాలుగేళ్లలో జరిగింది ఆమెకు నాలుగు వారాల్లో జరుగుతుంది. వానలు లేని కాలంలో రెండు నెలల చూపుకు రావడం మాత్రం వేరే సంగతి, అది ఇద్దరికీ మంచిదే కావచ్చు.

వీటికి తోడు మీరు ప్రస్తావించని నాలుగో అవకాశం ఒకటుంది. ఊరు మారడమంటే దేశం మారడమే కానక్కరలేదు. ఇల్యేయుస్ లాంటి పట్టణంలోనో, సాల్వదోర్‌లోనో అద్దెకు ఉండి, భర్త వారంలో కొన్ని రోజులు పోజాద చూసుకునే ఏర్పాటు కొన్ని కుటుంబాలకు సరిపడుతుంది. విమానాశ్రయం, బడి, వైద్యం దగ్గరవుతాయి, అత్తగారి నీడ కాస్త తగ్గుతుంది. కానీ ఖర్చు పెరుగుతుంది, రెండు ఇళ్ల మధ్య పాప తిరుగుతుంది, భాష రాకపోతే పెద్ద ఊళ్లోనూ మీరు గదిలోనే ఉండిపోతారు. అందుకే దీన్ని భాష తర్వాతి అడుగుగా చూడమంటాను.

ఇవన్నీ చేశాక కూడా, ఏడాది తర్వాత, ఈ కాపురం నాది కాదని మీకు స్పష్టంగా అనిపించవచ్చు. అప్పుడు విడిపోవడం తప్పని నేననను. అప్పటికి మీకు ఆ దేశపు భాష వచ్చి ఉంటుంది, డబ్బుకు కాగితం ఉంటుంది, పాప ఎవరి దగ్గర ఎంతకాలం ఉండాలన్నది న్యాయమూర్తి ముందు మీ నోటితో మీరు చెప్పుకోగలుగుతారు. ఇప్పుడు అదే నిర్ణయం తీసుకుంటే ఆ కోర్టు గదిలో కూడా మీ తరఫున భర్తే అనువదించాల్సి వస్తుంది.

బయల్దేరేముందు కొన్ని చిల్లర పనులున్నాయి. బ్రెజిల్ నుంచి వచ్చేవారికి మన దేశం పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా పత్రం అడుగుతుంది, లేకపోతే దిగగానే ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు మీకూ పాపకూ వేయించండి, సుస్‌లో ఉచితం. పాపకు బ్రెజిల్ పాస్‌పోర్టు ఉంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారతీయ సంతతివారికిచ్చే మన ఓసీఐ కార్డుకు ఇప్పుడే దరఖాస్తు చేయండి, ప్రతిసారీ వీసా తిప్పలు తప్పుతాయి. మీరు బ్రెజిల్ పౌరసత్వం తీసుకోవడానికి భార్యగా, తల్లిగా ఏడాది నివాసమే చాలు గానీ, తీసుకున్నరోజే భారత పౌరసత్వం పోతుంది. ప్రస్తుత నివాస కార్డుతో ఉద్యోగం, వైద్యం, బ్యాంకు అన్నీ జరుగుతున్నప్పుడు ఈ దుఃఖంలో ఆ సంతకం పెట్టవద్దు. కారణం చూపకుండా రెండేళ్లకు మించి దేశం బయట ఉంటే ఆ నివాస హక్కు పోవచ్చన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఆదివారం మీకు పని ఉండదు. మీ దగ్గర ఉదయం పదిన్నర అయితే ఒంగోలులో రాత్రి ఏడు, అమ్మ భోజనానికి ముందు తీరిగ్గా ఉండే వేళ. అన్నయ్య లైన్లో లేకుండా, పాపను ఎవరికైనా అప్పగించి, ఆమెకు ఏం కావాలో అడగండి. ఆమె ఏమన్నారో నాకు మళ్ళీ రాయండి, ఈసారి ఆమె మాటల్లోనే.